పేరు మొక్కుది, ఇంటిపేరు వలసది

నక్కపల్లి చుట్టుపక్కల ఊళ్లలో అప్పలనాయుడు, నూకరాజు, లోవలక్ష్మి, పైడితల్లి లాంటి పేర్లు వీధికొకటైనా వినిపిస్తాయి. దేవుడి పేరు తెలుగునాట అందరూ పెట్టుకునేదే. ఇక్కడి పేర్లలో మాత్రం ఆ దేవుడు ఏ చోట ఉన్నాడో కూడా తెలిసిపోతుంది. 'అప్ప' తండ్రినీ పెద్దనూ పిలిచే పాత మాట. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి జనం నోట సింహాద్రి అప్పన్న అయ్యాడు. ఆయనకు మొక్కుకుని కన్నవాళ్లు అప్పలరాజులు, అప్పలకొండలు, అప్పలనరసమ్మలు. 'నూక' అని మొదలైతే అనకాపల్లి నూకాంబిక, 'లోవ' అయితే తుని దగ్గరి తలుపులమ్మ, 'పైడి' అయితే విజయనగరం పైడితల్లి. వెంకటరమణ పేరు పెట్టడానికి తిరుమల దాకా పోనక్కర్లేదు, పక్కనే ఉపమాకలో గరుడాద్రి మీద వెంకన్న ఉన్నాడు.

భయంతో పెట్టిన పేర్లూ ఉన్నాయి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో పసిగుడ్డును పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తి తెచ్చుకునేవారు. ఆ బిడ్డ పెంటయ్యో పెంటమ్మో అయ్యేది. ఇంకొకరికి కాస్త తవుడికి అమ్మినట్టు అమ్మి వెనక్కి తీసుకుంటే తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ. విలువలేని పేరైతే మృత్యువు కన్ను పడదని ఆ తల్లుల ఆశ. బడిలో తోటిపిల్లలు నవ్వే ఈ పేర్లు నిజానికి గారాబం పేర్లే.

ఇంటిపేరు దారి వేరు. అది చాలాసార్లు పూర్వులు వదిలి వచ్చిన ఊరిని చెబుతుంది. నక్కపల్లికి పొరుగునే ఉన్న ఎస్.రాయవరంలో, మేనమామ ఇంట, 1862లో గురజాడ అప్పారావు పుట్టాడు. గురజాడ ఉన్నది కృష్ణా జిల్లాలో. ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు చివర కాస్త మారడమూ ఉంది: కందుకూరు వాళ్లు కందుకూరి వారయ్యారు, 'పాడు' ఊళ్ల వాళ్లు 'పాటి' వారయ్యారు. ఇల్లు 'ఇంటి' అయినట్టే ఇదీను. 'ఫలానా ఊరి వాళ్లు' అన్న మాటలో 'వాళ్లు' రాలిపోతే మిగిలింది ఇంటిపేరు. బమ్మెర పోతనకు ఊరే ఇంటిపేరు. దత్తత వెళితే ఇంటిపేరూ మారుతుంది. 1910లో విశాఖపట్నంలో పూడిపెద్ది వారింట పుట్టిన శ్రీశ్రీ శ్రీరంగం వారయ్యాడు. నాయుడు, రావు ఇంటిపేర్లు కావు. అవి పేరు చివర చేరిన గౌరవాలు, నాయకుడే నాయుడు.

సముద్రం దాటాక ఈ లెక్క తిరగబడింది. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేర్చింది. తర్వాత విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఆ దారి పట్టారు. ఓడ పద్దులో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాసుకునేవారు. ఇంటిపేరుకు అక్కడ గడి లేదు. పిల్లల కాలానికి తండ్రి పేరో, దాని చివరి గౌరవమో ఇంటిపేరుగా స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో ఈనాటికీ నాయుడు, అప్పలసామి అనేవి వంశాల పేర్లు. సింహాచలం ఎప్పుడూ చూడని వాళ్లు కూడా సంతకం చివర అప్పన్న పేరే రాస్తున్నారు.