ఓడకపోతే కప్పు వచ్చేసినట్టేనా? హైదరాబాద్ ఫుట్‌బాల్ చెప్పే అసలు లెక్క ఇదీ..

సీజన్ చివరికొచ్చిందంటే చాలు.. ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇంకా ఓడని టీమ్‌లు ఎన్ని మిగిలాయి?’ అని. ఓటమి లేని జట్టే కప్పు కొడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ప్రతిసారీ అలా జరగదు. వరుసగా 12 మ్యాచ్‌లు ఓడకుండా ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ టాప్-4లోకి కూడా రాలేకపోయింది. మరుసటి ఏడాది అదే టీమ్ కొన్ని మ్యాచ్‌లు ఓడి కూడా చాంపియన్ అయింది. ఇదెలా సాధ్యం? ఆ వివరాలు చూద్దాం..

12 మ్యాచ్‌లు ఓడలేదు.. అయినా ఇంటికే!

ఇండియన్ సూపర్ లీగ్ 2020-21 సీజన్.. కరోనా కారణంగా మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్క్వెజ్ కోచ్‌గా బరిలోకి దిగిన హైదరాబాద్, డిసెంబర్‌లో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఇక పనైపోయిందనుకున్నారంతా. అయితే జనవరి 4న చెన్నైయిన్‌పై 4-1తో గెలిచిన తర్వాత సీన్ మారింది. అక్కడి నుంచి లీగ్ దశ ముగిసేదాకా హైదరాబాద్‌ను ఎవరూ ఓడించలేకపోయారు.

ఫిబ్రవరి 28న గోవాతో చివరి మ్యాచ్. గెలిస్తే సెమీస్. డ్రా అయితే గోవాకే చాన్స్. మ్యాచ్ 0-0తో ముగిసింది. గోవా 31 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచి సెమీస్‌కు వెళ్లింది. 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఉన్న హైదరాబాద్ ఇంటిదారి పట్టింది.

దెబ్బ ఎక్కడ పడింది?

లీగ్‌లో గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1, ఓడితే సున్నా. ఆ 12 మ్యాచ్‌ల్లో హైదరాబాద్ గెలిచింది నాలుగే. మిగతా ఎనిమిదీ డ్రాలే. అంటే 36 పాయింట్లకు గాను చేతికొచ్చినవి 20. ఒక గెలుపు, రెండు ఓటములతో మూడు పాయింట్లు వస్తాయి. మూడు డ్రాలు చేసినా వచ్చేది ఆ మూడే. ‘ఓడలేదు’ అన్న మాట వినడానికి బాగుంటుంది కానీ.. పాయింట్ల పట్టికలో దానికి విడిగా మార్కులేమీ ఉండవు.

మరుసటి ఏడాది సీన్ రివర్స్

2021-22లో హైదరాబాద్ లీగ్ దశలో నాలుగు మ్యాచ్‌లు ఓడింది. కానీ 11 గెలిచింది. 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్ తొలి లెగ్‌లో ఏటీకే మోహన్ బగాన్‌పై 3-1తో నెగ్గి, రెండో లెగ్‌లో 0-1తో ఓడింది. అయినా మొత్తం గోల్స్ లెక్కలో 3-2తో ఫైనల్ చేరింది.

2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టడంతో స్కోరు 1-1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1తో హైదరాబాద్ తొలిసారి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది.

చివర్లో బ్రేక్ వేసింది మన టీమే

ఓటమి లేని జట్టుకు సీజన్ చివర్లో షాక్ ఇచ్చిన ఘనత కూడా హైదరాబాద్‌కే ఉంది. 2021-22 ఐ-లీగ్‌లో గోకులం కేరళ, అంతకుముందు సీజన్‌తో కలిపి వరుసగా 21 మ్యాచ్‌లు ఓడకుండా దూసుకొచ్చింది. మరొక్క పాయింట్ వస్తే టైటిల్ ఖాయం. అలాంటి టైమ్‌లో ఎదురొచ్చింది శ్రీనిది డెక్కన్. ఆ లీగ్‌లో హైదరాబాద్ క్లబ్‌కు అదే తొలి సీజన్. అయినా 3-1తో గోకులాన్ని ఓడించింది. లాల్‌రొమావియా హ్యాట్రిక్ కొట్టాడు. దీంతో టైటిల్ ఎవరిదన్నది మే 14న జరిగిన చివరి మ్యాచ్‌దాకా తేలలేదు. ఆ రోజు మహమ్మదన్ స్పోర్టింగ్‌పై 2-1తో గెలిచి గోకులం ఊపిరి పీల్చుకుంది.

నాకౌట్‌లో లెక్క వేరు

వర్ధన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో పండగలకు పెట్టే కబడ్డీ, వాలీబాల్ టోర్నీలు చూసినవాళ్లకు ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. లీగ్ అయితే ఒక మ్యాచ్ పోయినా కోలుకోవచ్చు. నాకౌట్ అయితే ఓడిన రోజే సామాను సర్దుకోవాలి.

అందుకే హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ రికార్డును ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. 1950 నుంచి 1954 దాకా ముంబైలో జరిగిన రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు అందించిన కోచ్ కూడా ఆయనే. అజయ్ దేవగణ్ హీరోగా 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే.

అమెరికాలోనూ అదే సీన్

అమెరికాలో చదువుతున్న మన పిల్లలకు కాలేజ్ ఫుట్‌బాల్ గురించి బాగా తెలుసు. అక్కడి ఫుట్‌బాల్ వేరే ఆట. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. ఒక్కో టీమ్ ఆడే మ్యాచ్‌లు తక్కువ. కాబట్టి ఒక్క ఓటమి కూడా ఖరీదైనదే. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 మ్యాచ్‌లకు 13 గెలిచింది. అయినా నాలుగు జట్ల ప్లేఆఫ్స్‌కు సెలక్షన్ కమిటీ ఎంపిక చేయలేదు. మరుసటి సీజన్ నుంచి ప్లేఆఫ్స్‌లో 12 జట్లకు చోటిచ్చారు. ఆ ఏడాది ఓటమి లేకుండా ప్లేఆఫ్స్‌కు వచ్చింది ఒరెగాన్ ఒక్కటే. కానీ 2025 జనవరి 1న ఒహాయో స్టేట్ చేతిలో 21-41తో చిత్తయింది. అప్పటికే రెండు మ్యాచ్‌లు ఓడి ఉన్న ఒహాయో స్టేట్ చివరికి చాంపియన్ అయింది.

ఒక్కటీ ఓడకుండా కప్పు కొట్టినవాళ్లూ ఉన్నారు

2003-04 ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనల్ 38 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. ఆ టీమ్ కూడా 12 డ్రాలు చేసింది. కానీ 26 మ్యాచ్‌లు గెలిచింది. టైటిల్ తెచ్చిపెట్టినవి ఆ 26 గెలుపులే.

ఈసారి సీజన్ చివర్లో ‘ఇంకా ఓడని టీమ్’ అని స్క్రీన్ మీద కనిపిస్తే.. ముందు ఆ టీమ్ ఎన్ని మ్యాచ్‌లు గెలిచిందో, ఎన్ని డ్రాలు చేసిందో చూడండి. కప్పు దగ్గరలో ఉందో దూరంలో ఉందో అక్కడే తెలిసిపోతుంది.