లోపలి డ్యూటీ

ఇన్‌స్ట్రక్టరు నీ చేతిలో రిమాండ్ వారెంటు పెడతాడు. "మనసుల చదువుకో. చదివినంక చెప్పు, ఈ మనిషిని లోపలికి తీసుకుంటవా, లేదా?"

ఇది చంచల్‌గూడ. నిజాం కాలం నాటి సెంట్రల్ జైలు గోడకు పక్కనే జైళ్ల శాఖ శిక్షణ సంస్థ ఉంది. స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కరెక్షనల్ అడ్మినిస్ట్రేషన్ అనే పొడుగాటి పేరు బోర్డుకే పరిమితం, నోటికి మాత్రం సికా. పొద్దున పరేడ్‌లో తడిసిన బనియను ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. నిజం చెప్పాలంటే నువ్వు కోరుకుని వచ్చిన చోటు కాదిది. సివిల్ కానిస్టేబుల్, ఆర్మ్‌డ్ రిజర్వ్, ఫైర్‌మన్, వార్డర్ అన్నీ ఒకే నోటిఫికేషన్‌లో వచ్చాయి. ఇష్టాలు వరసగా పెట్టమంటే వార్డర్‌ను అట్టడుగున పెట్టావు. మార్కులు అక్కడికే ఆగాయి. ఊళ్లో అమ్మ ఇప్పటికీ "మావాడికి పోలీసు నౌకరి వచ్చింది" అనే చెప్పుకుంటోంది, నువ్వూ సరిదిద్దలేదు.

వారెంటు చూస్తావు. పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షను, ఏ తేదీ దాకా రిమాండో, మేజిస్ట్రేట్ సంతకం, కోర్టు ముద్ర. అన్నీ ఉన్నాయి.

"తీసుకుంట సార్."

"కాగితం చూసినవ్. మనిషిని చూసినవా?"

ఎదురుగా ఖైదీ వేషంలో నిలబడ్డది మీ బ్యాచ్‌లో అందరికంటే సన్నగా ఉండే కుర్రాడు. కాగితంలో వయసు 19 అని ఉంది. పొద్దున మీసం కూడా గీయించి వాణ్ని పదహారేళ్ల పిల్లాడిలా నిలబెట్టారు. ఇందుకేనా గీయించిందని క్లాసంతా నవ్వుతుంది. ఇన్‌స్ట్రక్టరు నవ్వడు. పద్దెనిమిది నిండని పిల్లల్ని ఎట్టి పరిస్థితిలోనూ జైల్లో పెట్టకూడదని 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం చెబుతోంది. వయసు తేల్చేది నువ్వు కాదు. అనుమానం వస్తే నోరు తెరవడం మాత్రం నీ పని. "డాక్టర్‌కు చెప్పు. రాత్రి పన్నెండైనా సరే, పెద్దసారును లేపు. కోర్టుకు కాగితం పోవాలె. నువ్వు ఊకుంటే పొద్దుగాలకు ఆ పిల్లగాడు బ్యారక్‌ల ఉంటడు."

తర్వాత బోర్డు మీద ఒకే వాక్యం రాస్తాడు: కాగితం లేకుండా ఒక్కణ్నీ లోపలికి తీసుకోవద్దు, కాగితం గడువు దాటాక ఒక్కణ్నీ లోపల ఉంచవద్దు. లాఠీ డ్రిల్లు కోసం ఎదురుచూస్తూ వచ్చిన నీకు ఇదంతా గుమాస్తా పనిలా అనిపిస్తుంది.

ఆ గుమాస్తా పనిలోనే మరో గంట గడుస్తుంది, ఈసారి లెక్కలు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్‌లో 479వ సెక్షను ఉంది. విచారణలో ఉన్న ఖైదీ తన మీదున్న నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపేస్తే కోర్టు అతణ్ని బెయిలు మీద వదలాలి. అంతకు ముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. అసలు సంగతి ఆ సెక్షను మూడో భాగంలో ఉంది. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. ఖైదీకి వకీలున్నాడా, ఇంట్లో ఎవరైనా పట్టించుకుంటున్నారా అన్నదాంతో నిమిత్తం లేదు. జైలు లెక్క చూసుకోవాలి, జైలే అడగాలి.

"దొంగతనం. మూడేండ్ల దాకా శిక్ష. మొదటిసారి. ఎన్నాళ్లు?"

"ఏడాది సార్."

"వాని మీద ఇంకో రెండు కేసులు నడుస్తున్నయ్. ఇప్పుడు?"

ఎవరూ పలకరు. ఒకటికి మించి కేసులుంటే ఈ వెసులుబాటు దొరకదు. పక్కవాడు నోట్‌బుక్కులో పెద్దగా కొట్టేసి మళ్లీ రాసుకుంటాడు. ఈ లెక్క ఎంతమందికి పనికొస్తుందో అంకెలు చూస్తే అర్థమవుతుంది. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది ఇంకా విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురికి శిక్షే పడలేదు.

లెక్కల వెనకే రిజిస్టర్లు వస్తాయి. నమూనా అడ్మిషన్ రిజిస్టరులో కులం గడి ఉంది. స్కేలు పెట్టి కొట్టేయమంటారు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు ఖైదీల రిజిస్టర్లలోంచి ఆ గడిని తీసేయమంది, కులాన్ని బట్టి ఊడ్చే పని ఒకరికి, వంట పని ఇంకొకరికి పంచడం కుదరదంది. గీత గీయడం క్షణం పని. పొద్దున్నే కక్కసు ఎవరు కడగాలో తేల్చేటప్పుడు నోటికి ఏ పేరు ముందు వస్తుందన్నది వేరే పరీక్ష, దానికి ఏ సిలబస్సులోనూ మార్కులు లేవు.

భోజనాలయ్యాక నిద్ర కమ్ముకొస్తుంది. ఇన్‌స్ట్రక్టరు నిన్నే లేపుతాడు. "ఇప్పుడు నువ్వు ఖైదీవి. మొదటి రాత్రి. పోయి ఆ మూలకు ఉండు." వెళ్తావు. వార్డరు పాత్రలో ఉన్న నల్గొండ కుర్రాడు కుర్చీలో కూర్చుని, పేరేంటని గట్టిగా గద్దిస్తాడు. నువ్వు చెప్తావు. రెండు ప్రశ్నలు కూడా కాలేదు, ఇన్‌స్ట్రక్టరు చెయ్యెత్తి ఆపుతాడు.

"నిన్ను కింద కూసోమని ఎవరన్నరు?"

అప్పుడు చూసుకుంటావు. నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నావు, చేతులు మోకాళ్ల మీద, తల కిందికి. ఎవరూ అనలేదు. నల్గొండ కుర్రాడు కూడా తెల్లబోయి చూస్తాడు. జైలు లోపలికి ఇంతవరకు ఒక్క పూట కూడా పోని ఇద్దరికీ ఎవడు ఎక్కడ కూర్చోవాలో ముందే తెలుసు.

"లేచి కుర్చీల కూసో. మళ్ల మొదటికెల్లి."

రెండోసారి ఇద్దరూ కుర్చీల్లోనే. గద్దింపు లేదు. అన్నం తిన్నావా, ఇంటికి కబురు పోయిందా, మందులేమన్నా వాడుతున్నావా, ఇంతకుముందు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా? చివరి ప్రశ్న దగ్గర నల్గొండ కుర్రాడి గొంతు తడబడుతుంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని వాడి భయం. అడగాల్సిందేనంటాడు ఇన్‌స్ట్రక్టరు. 2022లో దేశంలోని జైళ్లలో సంభవించిన 159 అసహజ మరణాల్లో 119 ఆత్మహత్యలే. లోపల మనిషిని కాపాడటమంటే ఎక్కువగా అతణ్ని అతని నుంచే కాపాడటం. లోపలికి వచ్చిన మొదటి రోజులు, బెయిలు కొట్టేశారని తెలిసిన సాయంత్రం, ములాఖత్‌కు వస్తామన్నవాళ్లు రాని రోజు, ఈ మూడూ గుర్తుపెట్టుకోమంటాడు. తువ్వాలు, లుంగీ, దుప్పటి అంచు, కిటికీ ఊచ. తనిఖీ అంటే సెల్‌ఫోన్లు, గంజాయి వెతకడమే అనుకున్నావు ఇన్నాళ్లూ.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, ఖైదీగా ఉండి చూడాలనుకునే బయటివాళ్ల కోసం 2016లో ఓ పథకం పెట్టారు. రూ.500 కడితే ఇరవై నాలుగు గంటలు ఖైదీలా ఉండొచ్చన్నారు. ఉత్సాహవంతులు వెళ్లారు, ఫొటోలు దిగారు. అదే రుసుముకు ఒక రాత్రి వార్డరుగా ఉండనిచ్చే పథకం ఎవరికీ తట్టలేదు. తట్టినా జనం వచ్చేవారు కాదనుకోండి.

పై అధికారుల దారి వేరు. డిప్యూటీ జైలరుగా చేరినవాళ్లు వేలూరు పోతారు. మనవాళ్లకు వేలూరంటే సీఎంసీ ఆసుపత్రి. 1979లో అక్కడ సెంట్రల్ జైలు దగ్గరే దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల కోసం ఒక శిక్షణ సంస్థ మొదలైంది, ఇప్పుడు దాన్ని ఆప్కా అంటారు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళీ అధికారులు ఒకే మెస్సులో తింటూ నెలల తరబడి నేర్చుకుంటారు. కానీ ఖైదీ రోజూ చూసేది వాళ్ల ముఖం కాదు, నీ ముఖం.

ప్రాక్టికల్ కోసం నిన్ను ఒక జిల్లా జైలుకు పంపిస్తారు. రాత్రి డ్యూటీ. లోపలికి తుపాకులు రావు. నీతో పాటున్నది టార్చి, తాళాల గుత్తి, ఒక హెడ్ వార్డరు. ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్‌లో చదివావు. ఇక్కడ ఒక బ్యారక్ ముందు నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆరు దాటగానే మానేస్తావు.

"సికాల చెప్పిందంత గేటుకాడ వదిలి రా తమ్మీ" అంటాడు హెడ్ వార్డరు. కోపంగా కాదు, అన్నలా. సర్వీసులో చేరినప్పుడు ఆయనకూ శిక్షణ ఇచ్చారట, పరేడు, రైఫిలు, సెల్యూటు. తర్వాత మళ్లీ క్లాసులో కూర్చున్నది లేదు. కొత్త చట్టాలొచ్చాయని టీవీలో విన్నాడు. అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. కొత్తవాడికి ఎన్ని నెలలు నేర్పినా, వాడు పని నేర్చుకునేది పాతాయన పక్కన నిలబడే. ఆ పాతాయన్ని మళ్లీ బడికి పంపాలంటే ఆ రోజుల్లో ఆయన డ్యూటీ ఇంకొకరు చెయ్యాలి, ఆ ఇంకొకరు లేరు.

అట్లాగని ఆయనకు ఏమీ తెలియదనుకోకు. బ్యారక్ మొత్తం పడుకుని ఉంటే, టార్చి వెయ్యకుండానే "మూడోవాడు నిద్రపోతలేడు" అంటాడు. ఎట్లా తెలిసిందంటే చెప్పలేడు. దగ్గరికెళ్లి ఊచల్లోంచి ఏదో అడుగుతాడు. లోపలివాడు లేచి కూర్చుని నీళ్లు తాగుతాడు. ఏ నోట్సులోనూ లేని ఈ విద్య ఎవరూ రాసుకోకుండానే ఆయనతోపాటు రిటైరవుతుంది.

రెండు గంటలప్పుడు ఫ్లాస్కులోంచి చాయ్ పోసి నీకిస్తాడు.

"అదేదో లెక్క అంటివి గదా. మూడో వంతుది. ఆ నిద్ర పట్టనోడు వచ్చి పదిహేను నెలలైంది. సైకిల్ మోటర్ల దొంగతనం. మొదటిసారే."

"ఒక్కటే కేసా అన్నా?"

ఆయన కాసేపు ఆలోచిస్తాడు. "రెండో ఏదో ఉన్నట్టుండె. పీటీ వారెంటు మీద ఒకసారి వేరే కోర్టుకు తోలుకపోయిన్రు."

రెండోది ఇంకా నడుస్తుంటే ఈ సెక్షను అక్కరకు రాదని చెప్తావు. ఆయన ముఖం మాడుతుంది. నువ్వు అప్పుడే ఇంకో మాట కలుపుతావు: ముందు రికార్డు చూడాలి, ఆ కేసు నడుస్తోందో కొట్టేశారో తెలియాలి. ఎట్లయినా న్యాయసేవా సంస్థ వాళ్లతో ఒక దరఖాస్తు రాయించొచ్చు.

"వాళ్లు ఎప్పుడొస్తరు?"

"తెల్వదన్నా. పొద్దుగాల ఆఫీసుల అడుగుదాం."

"నువ్వే అడుగు" అంటాడు. "నేనడిగితే నీకెందుకంటరు." జేబులోంచి చిన్న కాగితం తీసి, ఆ ఖైదీ నంబరు రాసి నీకిస్తాడు.