గుడారం లోపలి గుడ్డ

మన బందరు అద్దకం గుడ్డలు ఒకప్పుడు మొగల్ చక్రవర్తుల గుడారాలకు లోపలి గోడలయ్యాయని మీకు తెలుసా? ఫ్రెంచి వైద్యుడు బెర్నియే 1664 చివర్లో ఔరంగజేబు పరివారంతో ఢిల్లీ నుంచి కాశ్మీరు ప్రయాణం కట్టాడు. దారిలో వేసిన రాజడేరాల గురించి రాస్తూ, బయటవైపు గట్టి ఎర్రగుడ్డ, లోపలివైపు మచిలీపట్నం నుంచి వచ్చిన పూలకుండీల అద్దకం గుడ్డ అని చెప్పాడు.

పైన మోటుగుడ్డ, లోపల మేలుగుడ్డ అన్నమాట. ఎండా వానా పైదాని మీద పడతాయి. లోపలి గుడ్డకు శత్రువులు వేరు. దీపాల పొగ, చేతుల జిడ్డు, మనుషుల ఊపిరి నుంచి వచ్చే చెమ్మ. ఆ చెమ్మతోనే మడిచి కట్టేస్తే బూజు పడుతుంది.

బందరు గుడ్డకు ఇక్కడే ఒక బలం ఉంది. ఆ రంగు పుట్టేదే ఉతుకులో. కరక్కాయ, పటిక, ఎరుపుకి చిరివేరు, మధ్యమధ్య పారే నీళ్ళలో జాడింపులు. అన్ని ఉతుకులు తిన్న రంగు కనుకే తర్వాత తడిసినా వెలవదు. యూరపు వాళ్ళు ఆ గుడ్డల కోసం ఎగబడిందీ అందుకే.

మరి అంత గుడ్డను చూసుకున్నది ఎవరు? అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో అక్బరు విడిదికి లెక్క రాశాడు. సామాను మోయడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బళ్ళు. డేరాలు వేసి, విప్పి, సర్దే ఫరాషులు 1000 మంది. ఊడ్చేవాళ్ళు 150 మంది. ఏనుగులకు పక్కనే వీళ్ళ లెక్కా ఉంది కానీ, ఒక్కరి పేరూ లేదు. ఇంటిపని చేసే మనకు ఇది కొత్తేమీ కాదు కదూ!

ఔరంగజేబుకి రెండు జతల డేరాలు ఉండేవి. పాదుషా ఒకదానిలో ఉండగానే రెండోది ముందు మజిలీకి వెళ్ళి సిద్ధంగా ఉండేది. పాదుషాకి అది సుఖం. ఫరాషులకి మాత్రం రెండింతల చాకిరీ.

మా అబ్బాయి ట్రెక్కింగుకి తీసుకెళ్ళే చిన్న టెంటులోనూ ఇవే రెండు పొరలు. నూలు పోయి నైలాను వచ్చింది, అంతే. పనీ అదే. ముందు ఇసుకా ఆకులూ దులపాలి. గోరువెచ్చని నీళ్ళలో కాస్త మెత్తటి సబ్బు కలిపి, స్పాంజితో మెల్లగా తుడవాలి. బ్రష్షూ, వాషింగ్ మెషీనూ వద్దు. ఎండకి నైలాను బలం తగ్గుతుంది కనుక నీడలోనే ఆరేయాలి. కుట్ల దగ్గర చెమ్మ లేదని చేత్తో తడిమి చూశాకే మడత పెట్టాలి.

1799లో శ్రీరంగపట్నం పడ్డాక టిప్పు సుల్తాను గుడారం ఒకటి క్లైవు కుటుంబానికి చేరింది. వాళ్ళు దాన్ని తోట విందులకు వాడుకున్నారు. లోపల పూలు అద్దిన ఆ నూలుగుడ్డ వేల్సు దేశంలోని పోవిస్ కోటలో ఇప్పటికీ ఉంది. దాని పక్కన చెప్పేది టిప్పు పేరు, క్లైవు పేరు. కానీ నూలుగుడ్డ రాజుల పేరు చెప్పుకుని రెండు వందల ఏళ్ళు బతకదు. తడిసిన ప్రతిసారీ ఎవరో ఒకరు విప్పి, ఆరేసి, మళ్ళీ మడిస్తేనే బతుకుతుంది.