పంచితేనే బతికిన పాలపువ్వు

నేలకు జానెడు ఎత్తున ఒక్క కాడ, దాని కొసన తల వేలాడేసిన ఒక్క తెల్లపువ్వు. బయట మూడు పొడుగు రేకులు, లోపల మూడు పొట్టి రేకులు. పొట్టి రేకు అంచున చిన్న నొక్కు, ఆ నొక్కు చుట్టూ చిటికెడు ఆకుపచ్చ. స్నోడ్రాప్ అంటే ఇంతే. ఐరోపాలో ఇంకా మంచు కరగని జనవరి, ఫిబ్రవరి నెలల్లో గడ్డకట్టిన మట్టిని గట్టిపడిన ఆకు మొనతో చీల్చుకుని పైకొస్తుంది. ఇంత కొద్ది సరంజామాతో పుట్టిన ఈ పువ్వులో నేడు పేరుపెట్టిన రకాలు రెండు వేలు దాటాయి. గులాబీలో అన్ని రకాలున్నాయంటే వింతేమీ లేదు. దానికి రంగుంది, పరిమళముంది, వెయ్యేళ్ళ సాగు ఉంది. ఇక్కడ తేడా అంతా ఆ పచ్చమచ్చలో, రేకు ఒంపులో, కాడ పొడవులో. ఇన్ని రకాలు ఎలా పుట్టాయన్నది ఒక ప్రశ్న, పుట్టినవి ఎలా నిలిచాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఈ పువ్వు చరిత్రను వరసగా చూసుకుంటూ వస్తే రెండో ప్రశ్నకు ఒకటే జవాబు దొరుకుతుంది. ఒకరి తోట దాటి ఇంకొకరి తోటలో అడుగుపెట్టిన రకమే నిలిచింది.

ఇంగ్లండు వాళ్ళు ఈ పువ్వును తమ సొంతం అనుకుంటారు గాని, అది అక్కడ పుట్టిందనడానికి ఆధారం లేదు. 1597లో జాన్ జెరార్డ్ రాసిన మూలికల గ్రంథంలో దీని వర్ణన ఉంది గాని స్నోడ్రాప్ అనే పేరు లేదు. 1633లో థామస్ జాన్సన్ ఆ గ్రంథాన్ని సవరించి వేసినప్పుడు ఆ పేరు అచ్చెక్కింది. తోట బయట, అడవిలో పెరుగుతోందని రాసిపెట్టింది 1770ల్లో మాత్రమే. నిజంగా స్వదేశీ మొక్కే అయితే అంతకాలం ఎవరి కంటా పడకుండా ఉంటుందా? దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ ఐరోపా, టర్కీ, కాకసస్ కొండలు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి గాలంథస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో గాలా అంటే పాలు, ఆంథోస్ అంటే పువ్వు. శాస్త్రజ్ఞులు గుర్తించిన జాతులు ఇరవైకి పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం టర్కీలోనే దొరుకుతాయి. 1874లో హెన్రీ జాన్ ఎల్వెస్ అనే ఇంగ్లీషు భూస్వామి స్మిర్నా, అంటే నేటి ఇజ్మీర్ దగ్గరి కొండల్లో పెద్దపూల జాతి ఒకదాన్ని చూసి తెచ్చాడు. మరుసటి ఏడాది అది ఆయన పేరుతోనే శాస్త్రంలోకి ఎక్కింది. ఎక్కడెక్కడి కొండల మీదో విడివిడిగా బతికిన ఈ జాతులు ఒకే తోటలో పక్కపక్కన చేరాక, తేనెటీగలు ఒకదాని పుప్పొడిని ఇంకోదానికి చేర్చాయి. కొత్త రకాల పుట్టుక వెనక ఉన్న అసలు సంగతి ఇదే. మనిషి చేసిన పని వాటిని ఒకచోట చేర్చడం, ఆ తర్వాత వంగి చూడడం.

ఇక్కడ రకమంటే ఏమిటో తేల్చుకోవాలి. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి వస్తుందన్న నమ్మకం లేదు, అంటు కట్టాల్సిందే. స్నోడ్రాప్ సంగతీ అంతే. గింజ నుంచి వచ్చేది తల్లిలా ఉండదు. తల్లి గడ్డ పక్కన పుట్టే పిల్లగడ్డను వేరుచేసి నాటితేనే అదే రకం. అంటే పేరున్న ప్రతి రకమూ ఒకప్పుడు ఒక్క మొక్క, ఆ ఒక్క మొక్క దేహమే ముక్కలై తోటలన్నిటా పరుచుకుంది. అందుకే దానికి గండం ఎక్కువ. ఒకే తోటలో ఉంటే ఒక్క తెగులుతో అయిపోతుంది. దీనికి సోమర్‌సెట్‌లోని షెప్టన్ మాలెట్‌లో ఉండిన జేమ్స్ అలెన్ కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. పనిగట్టుకుని స్నోడ్రాప్‌లను సంకరపరిచిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు. 1891లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఈ ఒక్క పువ్వు కోసమే సభ పెట్టినప్పుడు అందులో ప్రసంగించాడు. కొన్నేళ్ళలోనే బూజు తెగులు, గడ్డను లోపలి నుంచి తినేసే ఈగపురుగు కలిసి ఆయన మళ్ళను తుడిచిపెట్టాయి. జీవితకాలపు సేకరణలో చాలా భాగం మట్టిలోనే కుళ్ళిపోయింది. అయినా ఆయన పెంచిన 'మాగ్నెట్', 'మెర్లిన్', 'రాబిన్ హుడ్' నేటికీ పూస్తున్నాయి. తెగులు అలెన్ గడప తొక్కకముందే అవి మిత్రుల తోటలకు చేరడమే కారణం.

ఎల్వెస్ తోట ఉన్న కోల్స్‌బోర్న్ కథ కూడా ఇటువంటిదే. స్కాట్లండులోని డంఫ్రీస్ ప్రాంతం నుంచి శామ్యూల్ ఆర్నాట్ అనే తోటమాలి ఆయనకొక మొక్క పంపాడు. దానికి 'ఎస్. ఆర్నాట్' అనే పేరు నిలిచిపోయింది. గుండ్రటి నిండుపువ్వు, ఎండ తగిలితే తేనె వాసన. 1922లో ఎల్వెస్ పోయాక కోల్స్‌బోర్న్ మళ్ళు ఆలనాపాలనా లేక దశాబ్దాలు పడి ఉన్నాయి, తర్వాత వారసులు వాటిని మళ్ళీ నిలబెట్టారు. ఈలోగా ఆర్నాట్ పువ్వును కాపాడింది అంతకు ముందే దాన్ని తీసుకెళ్ళినవాళ్ళు. 1950, 60ల్లో జెయింట్ స్నోడ్రాప్ కంపెనీ అనే చిన్న వ్యాపారం ఆ గడ్డలను దేశమంతా పంచింది. ఎన్‌ఫీల్డ్‌లో తోట పెంచిన ఇ. ఎ. బౌల్స్ తన మిత్రుడికి ఉత్తరం రాస్తూ గాలంథోఫైల్ అని సంబోధించాడు, అంటే పాలపువ్వు ప్రేమికుడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆ మాట పేరైపోయింది. ఆ పేరు పుట్టింది శాస్త్రగ్రంథంలో కాదు, ఇద్దరు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళ మధ్య నడిచిన ఉత్తరంలో. నార్ఫోక్‌లో హేరిక్ గ్రేటోరెక్స్ 1940ల్లో ముద్దపూల రకాలు తీశాడు. ముద్ద స్నోడ్రాప్ గింజ కట్టదు, కాని కాసింత పుప్పొడి ఇస్తుంది. దాన్ని ఆయన క్రిమియా జాతి పువ్వుకు అద్ది, పుట్టిన పిల్లలకు షేక్‌స్పియర్ నాయికల పేర్లు పెట్టాడు. ఒఫీలియా, డెస్డిమోనా, హిప్పోలిటా. తోటలు మారుతూ వాటి పేర్లు తారుమారయ్యాయి, ఏది ఏదో తేల్చలేక నిపుణులు ఇంకా తల పట్టుకుంటున్నారు. పంపకంలో ఈ నష్టం ఉంది. అయినా పేరు పోయిన పువ్వును మళ్ళీ గుర్తుపట్టవచ్చు, పువ్వే పోతే పేరుతో ఏం చేస్తాం?

ఈ రకాల మోజుపై మొదటి అభ్యంతరం, ఇవి నిజంగా వేరువేరు రకాలేనా, పచ్చమచ్చ రవ్వంత పెరిగితే కొత్త పేరా అని. సగం ఒప్పుకోవాలి. ఈమధ్య పేరు పెట్టించుకున్నవాటిలో చాలా వాటికి ఆ అర్హత లేదు. కాని తేడా అంతా మచ్చలోనే ఉందనుకోవడం పైపైన చూసినవాళ్ళ మాట. మొలకెత్తే ఆకుజంటను చూడండి. ఒక జాతిలో రెండాకులూ అరచేతులు జోడించినట్టు బల్లపరుపుగా అతుక్కుని ఉంటాయి, ఇంకోదానిలో ఒక ఆకు రెండోదాన్ని చుట్టుకుని ఉంటుంది, క్రిమియా జాతిలో ఆకు అంచులు చీర అంచులా వెనక్కి మడిచి ఉంటాయి. సంకరంలో ఈ గుర్తులు కలిసిపోతాయి, వాటిని బట్టే తల్లిదండ్రులను పోల్చుకుంటారు. గ్రీసు జాతి ఒకటి అక్టోబరులోనే పూస్తుంది. కేంబ్రిడ్జ్ పక్కన దొరికిన 'వెండీస్ గోల్డ్'లో పచ్చ ఉండాల్సిన చోట పసుపు ఉంటుంది. వీటిని ఒకటే అనడం కుదరదు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. 2012లో 'ఎలిజబెత్ హారిసన్' గడ్డ ఒక్కటి ఆన్‌లైన్ వేలంలో 725 పౌండ్లు పలికింది. 2015లో 'గోల్డెన్ ఫ్లీస్' 1,390 పౌండ్లకు పోయింది. ఇంత ధర ఉన్నచోట పంపకం ఎక్కడిది, దొంగతనం తప్ప అంటారు. దొంగతనాలు నిజమే, బాధాకరం కూడా. కాని ఆ ధర నిలిచేది కొద్దికాలమే, కారణం కత్తి. గడ్డను స్పిరిట్‌తో తుడిచిన కత్తితో నారింజ తొనల్లా కోస్తారు. ప్రతి తొననూ మళ్ళీ చీలుస్తారు. ప్రతి ముక్కలో రెండు పొరలుండి, వాటికి గడ్డ అడుగు బిళ్ల ముక్క అంటుకుని ఉండాలి, అది లేకపోతే ఏమీ పుట్టదు. వాటిని తడిపిన వెర్మిక్యులైట్‌తో కలిపి సంచిలో కట్టి, ఇరవై డిగ్రీల వేడిలో చీకట్లో పన్నెండు వారాలు ఉంచితే పొరల మధ్య బియ్యపుగింజంత పిల్లగడ్డలు కనిపిస్తాయి. అవి పూయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఒక్క గడ్డ పదులై, పదులు వందలయ్యాక ధర దానంతటదే దిగుతుంది. 725 పౌండ్లు పెట్టి కొన్నది కూడా విత్తనాల కంపెనీయే, పెంచి అమ్మడానికే కొంది. 'గోల్డెన్ ఫ్లీస్'ను తీయడానికి ఏళ్ళ తరబడి తరాలు దాటించిన పెంపకందారుకు ఆ ధర కూలి. దాన్ని తప్పుపట్టలేను.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఈ మోజు అడవిని కొల్లగొట్టింది. 1980ల్లో టర్కీ కొండల నుంచి స్నోడ్రాప్ గడ్డలు కోట్లలో తవ్వి పడమటి దేశాలకు పంపారు. 1990లో గాలంథస్ జాతులన్నిటినీ సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చి ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేశారు. తర్వాత జార్జియా ఏటా కోటిన్నర గడ్డల పరిమితి పెట్టుకుంది. ఈ కొల్లలో అటవీ గడ్డలను చవగ్గా కొన్న సామాన్య తోటల పాత్ర ఎక్కువ. పేరున్న రకాలు సేకరించేవాళ్ళు కొనేది తోటలో విభజించిన గడ్డే. అడవికి మేలు కోరేవాళ్ళు పేరు లేని చవక గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి, పక్కింటి మడి నుంచి వచ్చినదాన్ని తీసుకోవాలి. పువ్వు వాడి ఆకు ఇంకా పచ్చగా ఉండగానే గుబురును పెకలించి ఇచ్చిపుచ్చుకోవడం ఇంగ్లండులో పాత ఆచారం. ఎండిన గడ్డ కంటే అలా నాటినదే బాగా నాటుకుంటుంది.

ఇంత శ్రమ దేనికని అడిగితే కొందరు మందుల గురించి చెబుతారు. 1950ల్లో సోవియట్, బల్గేరియా శాస్త్రజ్ఞులు స్నోడ్రాప్‌లో గుర్తించిన గాలంటమైన్ నేడు అల్జైమర్స్ వ్యాధికి మందు. మన దగ్గర కూడా ఒక జాడ ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్నోడ్రాప్‌లోని లెక్టిన్ అనే ప్రొటీన్ జన్యువును చైతన్య, ఫల్గుణ వరి రకాల్లో చొప్పించి, సుడిదోమను తట్టుకుంటున్నాయని 2003లో ప్రచురించారు. ఆ వరి రైతు పొలానికి రాలేదు. ఈ రెండూ గొప్ప పనులే, కాని వాటిని రకాల సేకరణకు సమర్థనగా చూపడం సరికాదు. మందుకైనా జన్యువుకైనా జాతి చాలు, 'మెర్లిన్' అక్కర్లేదు. రకాన్ని కాపాడేది అది అందంగా ఉన్నందుకు, ఒకరు దాన్ని గుర్తుపట్టి ఇంకొకరి చేతిలో పెట్టినందుకు. ఆ కారణం నాకు చాలు.

అలెన్ 1906లో చనిపోయాడు. ఆయన 'మాగ్నెట్' పువ్వుకు తొడిమ మామూలుకంటే పొడుగు, సన్నం. ఏ కొద్ది గాలికైనా ఊగుతుంది. నేడు బ్రిటన్‌లో ఆ గడ్డ కొద్ది పౌండ్లకే దొరుకుతుంది.