మర కలియని గొట్టములు

ఒక వాహనమునుండి ఇంజనును దింపి, వేరొక జాతి ఇంజనును దాని స్థానమున నిలుపుట మన మెకానిక్కులకు కొత్త విద్య కాదు. డీజిలుకన్న పెట్రోలు ప్రియముగా ఉన్న కాలములో ఎన్నో జీపులలోను, అంబాసిడర్ కార్లలోను పెట్రోలు ఇంజనులు పోయి డీజిలు ఇంజనులు వచ్చినవి. ఇంజను కూర్చుండు దిమ్మలను మార్చుట, గేరుపెట్టెకు నడుమ ఒక పలక అమర్చుట పెద్ద పనులే ఐనను కంటికి తెలిసిన పనులు. కాని టాంకినుండి వచ్చు సన్నని ఇంధనపు గొట్టమును కొత్త ఇంజను పంపు నోటికి తగిలింపబోయినప్పుడు, చిటికెనవేలంత ఇత్తడి ముక్క దగ్గర పని అంతయు ఆగిపోవును. గొట్టపు చివరనున్న నట్టు మర ఒకటి, పంపు నోటి మర మరియొకటి. చూపునకు రెండును ఒక్కటే. చేతితో త్రిప్పగా రెండు చుట్లు ఎక్కును. మూడవ చుట్టున బిగిసిపోవును. పానా వేసి బలముగా త్రిప్పినచో ఎక్కినట్లే ఉండును గాని, అది మర ఎక్కుట కాదు, మర తెగుట.

ఈ రెండు ముక్కలు ఎందుకు కలియవు? ఈ ప్రశ్నకు సమాధానము లోహశాస్త్రములో కన్న చరిత్రలో ఎక్కువగా దొరకును.

ఒకే బాటపై మూడు దేశముల మరలు

హైదరాబాదునుండి పడమరగా బొంబాయి దిక్కునకు పోవు రహదారిపై దాదాపు 100 కిలోమీటర్ల దూరమున జహీరాబాదు కలదు. దాని పొరుగుననున్న మొగుడంపల్లి 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ప్రత్యేక మండలమైనది. ఆవల కర్ణాటక సరిహద్దు. ఈ ప్రాంతమునకు మోటారు వాహనములు వచ్చిన వరుసను చూచినచో మన ప్రశ్నకు మొదటి ఆధారము చిక్కును.

నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. ఆనాటి ఆల్బియన్ బస్సు స్కాట్లండులో తయారైనది. దానితోపాటు బ్రిటిష్ అంగుళపు మరలు వచ్చినవి. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947నుండి విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చి అమ్మసాగినది; వానితో అమెరికా మరలు వచ్చినవి. 1980ల దశకములో హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుకు చెందిన నిస్సాన్ సహకారముతో జహీరాబాదులోనే తేలికపాటి లారీల నిర్మాణమునకు పూనుకొన్నది; వానితో మెట్రిక్ మరలు వచ్చినవి. తరువాత ఆ కర్మాగారము మహీంద్రా వారి చేతికి వచ్చినది. నేడు అక్కడ ట్రాక్టర్లు కూడ తయారగుచున్నవి.

ఈ విధముగా రమారమి 50 సంవత్సరములలో మూడు దేశముల మరలు ఒకే బాటమీదికి చేరినవి. ఒకదాని ఇంజనును వేరొకదానిలో పెట్టిన మెకానిక్కు, తనకు తెలియకుండగనే, మూడు చరిత్రలను ఒకచోట అతుకుచున్నాడు.

మరకు కొలతలు ఎవరు పెట్టిరి?

మరను గుర్తించుటకు మూడు కొలతలు కావలెను: దాని వ్యాసము, అంగుళమునకు లేదా మిల్లీమీటర్లలో చుట్టుకు చుట్టుకు గల ఎడము, పంటికి పంటికి నడుమనున్న కోణము. 19వ శతాబ్దపు తొలి దినములలో ఈ మూడును కర్మశాల ఇష్టము. ఒక కర్మశాల బోల్టునకు ఇంకొక కర్మశాల నట్టు పట్టెడిది కాదు.

ఈ గందరగోళమును తీర్చుటకు పూనుకొన్నవాడు జోసెఫ్ విట్‌వర్త్. ఆయన లండనులో హెన్రీ మాడ్స్లే కర్మశాలలో పని నేర్చి, మాంచెస్టరులో స్వంతముగా యంత్రముల తయారీ ప్రారంభించెను. దేశములోని పలు కర్మశాలల నుండి బోల్టులను తెప్పించి, కొలిచి, వాని సగటును తీసికొని, 1841లో ఇంగ్లండు సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పద్ధతిని ఉంచెను. పంటి కోణము 55 డిగ్రీలు. పంటి కొనయు, మొదలును గుండ్రముగా ఉండవలెను. రైల్వే కంపెనీలు దీనిని స్వీకరించుటతో ఇది బ్రిటిష్ సామ్రాజ్యమంతట వ్యాపించినది.

అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థ ముందు వేరొక మరను ప్రతిపాదించెను. గుండ్రని కొనను చేయుటకు నేర్పరి పనివాడును, ప్రత్యేకమైన పనిముట్లును కావలెననియు, 60 డిగ్రీల కోణముతో చదునైన కొన ఐనచో సామాన్యపు పనివాడు కూడ సులువుగా కోయగలడనియు ఆయన వాదము. 1898లో జూరిచ్ నగరమున సమావేశమైన ఐరోపా ఇంజనీర్లు మిల్లీమీటర్లపై ఆధారపడిన మూడవ మరను నిర్ణయించిరి. దానికిని కోణము 60 డిగ్రీలే. ఎవరి కారణములు వారికి సమంజసమే. దాని ఫలము మాత్రము పానా పట్టిన చేతికి దక్కినది.

కలియని మర ఖరీదు

1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరము తగులబడినది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములనుండి అగ్నిమాపక దళములు పరుగున వచ్చినవి. కాని వారు తెచ్చిన నీటిగొట్టముల మరలలో పెక్కు బాల్టిమోర్ కుళాయిలకు పట్టలేదు. నీరున్నది, గొట్టములున్నవి, మనుషులున్నారు, అతుకు లేదు. 1,500కు పైగా కట్టడములు కాలిపోయినవి. ఇంధనపు గొట్టము విషయములో ఈ పాఠము తలక్రిందుగా వర్తించును: అక్కడ అతుకు కుదరక నిప్పు ఆరలేదు, ఇక్కడ అతుకు కుదరకున్న నిప్పు పుట్టును.

కంటిని మోసగించు కొలతలు

ఇంధనపు అతుకులలో తరచుగా వచ్చు కొలతను, అనగా మెకానిక్కులు ఒక సూత్ అను 1/8 అంగుళపు పైపు మరను, ఉదాహరణగా తీసికొందము. దీనిలో 1/8 అంగుళము ఎక్కడను కానరాదు. పూర్వపు ఇనుప గొట్టము లోపలి రంధ్రమును బట్టి వచ్చిన పేరు అది. బ్రిటిష్ పైపు మరకు ఈ సైజులో వెలుపలి వ్యాసము 9.73 మిల్లీమీటర్లు, అంగుళమునకు 28 చుట్లు, కోణము 55 డిగ్రీలు. అమెరికా పైపు మరకు వ్యాసము సుమారు 10.3 మిల్లీమీటర్లు, అంగుళమునకు 27 చుట్లు, కోణము 60 డిగ్రీలు. మెట్రిక్ పద్ధతిలో 10 మిల్లీమీటర్ల వ్యాసముతో, మిల్లీమీటరుకు ఒక చుట్టు గల మర ఈ రెండింటి నడుమ వచ్చి కూర్చున్నది. మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టినచో అనుభవజ్ఞుని కన్ను సైతము మోసపోవును. మర కొలుచు దువ్వెన వంటి గేజి ఒక్కటే నిజము చెప్పగలదు.

అర అంగుళము, ముప్పావు అంగుళము సైజులలో చిక్కు ఇంకను ఎక్కువ. అక్కడ బ్రిటిష్ మరకును, అమెరికా మరకును చుట్లు అంగుళమునకు 14 చొప్పున సమానము. కోణము మాత్రమే వేరు. కనుక మర ఎక్కును, బిగియును, కాని పంటికి పంటికి నడుమ సన్నని సందు మిగిలి కారును.

మర కలిసినంత మాత్రమున అతుకు కుదిరినట్లు కాదు. పైపు మర క్రమముగా సన్నబడుచు పోవును. పళ్ళు ఒకదానిలో ఒకటి ఒత్తుకొనుటచే, సందులలో పూత సాయముతో, కారకుండ ఉండును. ఫ్లేర్ అతుకు సంగతి వేరు. అందు గొట్టపు చివరను గరాటువలె విప్పి, ఒక శంకువుపై నట్టుతో నొక్కుదురు. కారుటను ఆపునది శంకువు. మర పని నొక్కిపట్టుట మాత్రమే. మోటారు వాహనములలో ఈ గరాటునకు 45 డిగ్రీల వాలు వాడుకలోనికి రాగా, అమెరికా విమానములలోను, తరువాత హైడ్రాలిక్ యంత్రములలోను 37 డిగ్రీలు వచ్చినది. పావు అంగుళపు గొట్టమునకు రెండింటి మరయు ఒక్కటే: 7/16 అంగుళము వ్యాసము, అంగుళమునకు 20 చుట్లు. ఒకదాని నట్టు రెండవదానిపై హాయిగా ఎక్కును. కాని లోపల గరాటు శంకువుపై పూర్తిగా ఆనదు, ఒక గీతవలె తాకును. నిశ్చలముగా ఉన్నప్పుడు కారదు. ఇంజను అదురునకు కొన్ని దినములకు చెమ్మగిల్లును. మర సులువుగా ఎక్కుట సైతము ప్రమాదమే ఐన సందర్భమిది.

యుద్ధము నేర్పిన ఒప్పందము

రెండవ ప్రపంచయుద్ధములో ఈ చిక్కు దేశముల సమస్య ఐనది. రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజనును తయారు చేయుటకు 1940లో అమెరికాలోని పాకార్డ్ సంస్థ ఒప్పుకొన్నది. అక్కడి ఇంజను ఇక్కడి విమానమునకు పట్టవలెనన్న, మరలన్నియు బ్రిటిష్ మరలే కావలెను. అట్టి మరలు కోయు పనిముట్లు అమెరికాలో దొరకక పాకార్డ్ వారు వానిని తామే తయారు చేసికొనిరి. ఈ అనుభవము పిమ్మట 1948 నవంబరు 18న అమెరికా, బ్రిటను, కెనడా ప్రతినిధులు వాషింగ్టనులో 60 డిగ్రీల ఉమ్మడి మరకు అంగీకరించిరి. అంతకు ముందే 1947లో పని ప్రారంభించిన అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ, తన మొట్టమొదటి సాంకేతిక సంఘమును మరల కొరకే ఏర్పరచినది. 1965లో బ్రిటను విట్‌వర్త్ మరను విడిచి మెట్రిక్ మరను ఎన్నుకొనుమని తన పరిశ్రమలకు సూచించెను.

మన దేశములో 1947లోనే భారతీయ ప్రమాణముల సంస్థ వెలసినది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరునుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలునకు వచ్చినది. ఐనను పైపు మర మాత్రము మారలేదు. భూమిలోను, గోడలలోను అప్పటికే వేసిన గొట్టములను ఎవరు త్రవ్వి తీయగలరు? కనుక విట్‌వర్త్ పైపు మరనే అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపవలసి వచ్చినది. జపాను వారును దానినే స్వీకరించిరి. ఇందలి విచిత్రమును గమనింపుడు: నిస్సాన్ ఇంజనులో బోల్టులన్నియు మిల్లీమీటర్లవే, కాని దాని ఆయిలు పీడనపు స్విచ్చి మర 55 డిగ్రీల విట్‌వర్త్ పైపు మర.

సరియైన అతుకు

మరి మర కలియనిచోట చేయవలసినదేమి? మొదట వ్యాసము, చుట్లు, కూర్చుండు తావు అను మూడింటిని కొలువవలెను. పిమ్మట ఒకే ఇత్తడి కడ్డీని లేతుపై ఎక్కించి, ఒక ప్రక్క పాత మర, రెండవ ప్రక్క కొత్త మర కోసిన నడుమ ముక్కను చేయవలెను. చుట్టుకు చుట్టు సరియైన పంటితో ఎక్కు ఈ ముక్క రెండు దేశముల నడుమ దుబాసి వంటిది. మర తెగువరకు త్రిప్పుట, ఫ్లేర్ అతుకునకు తెల్లని టేపు చుట్టుట తగవు. శంకువుపై కారుచున్న అతుకును టేపు ఆపజాలదు. దాని పోగులు పోయి జెట్టులో అడ్డుపడును. మెత్తని సీసపు అతుకు అదురునకు పగులును. వాహనముపై ఉన్న గొట్టమును నిప్పుతో అతుకబోవుట అన్నిటికన్న ఘోరము. ఇంధనపు ఆవిరి నిండిన ఖాళీ టాంకి నిండు టాంకికన్న ప్రమాదకరము.

డీజిలు ఇంజనునకు ఇంకొక సంగతి కలదు. పంపు టాంకినుండి పీల్చు గొట్టములో అతుకు వదులైనచో నూనె బయటికి కారదు, గాలి లోపలికి పోవును. నేల పొడిగానే ఉండును, ఇంజను మాత్రము నడిచి నడిచి ఆగును. అంతేగాక డీజిలు ఇంజనుకు మిగులు నూనె టాంకికి మరలిపోవు రెండవ గొట్టము కావలెను. కార్బురేటరు గల అనేక పాత పెట్రోలు వాహనములలో అది ఉండదు. పెట్రోలును చిమ్ము నవీన ఇంజనులలో గొట్టపు పీడనము తరచు వాతావరణ పీడనమునకు మూడు రెట్లుండును; కార్బురేటరు కాలపు రబ్బరు గొట్టము దానికి ఆగదు. ఇంజను మార్పును రిజిస్ట్రేషనులో నమోదు చేయించుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము విధి.

మరలు వాటంతట అవి కలియవు. మనుషులు కూర్చుండి ఒప్పుకొన్ననే కలియును. ఆ ఒప్పందము ఆలస్యమైన ప్రతిచోట, దానిని ఇత్తడిలో పూర్తిచేయు భారము ఏదో ఒక ఊరిలోని లేతు పనివానిపై పడుచున్నది. అతడు గేజి పట్టి కొలిచి కోసిన ముక్క వలననే వాహనము నిప్పు పుట్టక గమ్యము చేరుచున్నది.