బొడ్డు దాచిన పెట్టె

మా పాప పుట్టాక ఇంటికి పంపించే రోజున, జపాన్‌లోని కుమమోతో ఆసుపత్రి నర్సు ఒక చిన్న చెక్కపెట్టె తెచ్చి రెండు చేతులతో నాకు అందించింది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది. మూత తీస్తే దూది మీద ఎండిన బొడ్డు. మూత మీద పాప పేరు, పుట్టిన తేదీ, నా పేరు. సోంపేటలో ఉన్న అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. "తాయెత్తులో వేసి మొలతాడుకు కట్టాలి గానీ, బీరువాలో పెట్టి దాచుకుంటారా ఏమిటి!" అంది. ఇక్కడ దాచుకుంటారు. మా పక్కింటి ఒబాచాన్ దగ్గర, అంటే మామ్మగారి దగ్గర, యాభై దాటిన కొడుకుల బొడ్డు పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇలాంటి పెట్టెలే ఒకప్పుడు ఈ జిల్లాలో ఒక పెద్ద ఫ్యాక్టరీ మీద సాక్ష్యం చెప్పాయని నాకు ఒబాచానే చెప్పింది. ఆ ఊరి పేరు మినమాతా.

కుమమోతో నుంచి దక్షిణంగా, షిరనుయి సముద్రం ఒడ్డున ఉంటుంది. యత్సుషిరోలో ఒక పెట్టె చిన్న రైలెక్కితే కిటికీ పక్కనే నీళ్ళు. కదలిక లేని సముద్రం, మా బారువ తీరంలా హోరెత్తదు. మినమాతా స్టేషన్ దిగి బయటికొస్తే ఎదురుగా ఫ్యాక్టరీ గేటు. ఊళ్ళో మొదట కనిపించేది అదే. ఒకప్పుడు ఊరికి ఉద్యోగాలూ పన్నులూ ఆసుపత్రీ అన్నీ అదే కనక, అలా ఉండడం న్యాయమే అనిపించింది.

చిస్సో అనే ఆ కంపెనీ 1932 నుంచి ఇక్కడ అసిటాల్డిహైడ్ తయారుచేసింది. ఆ తయారీలో పాదరసం వాడతారు. వాడగా మిగిలింది కాలవలోకి, కాలవ నుంచి అఖాతంలోకి. అందులోని మిథైల్ మెర్క్యురీ అనే సేంద్రియ పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి. జబ్బు ముందు పిల్లులకొచ్చింది. వణుకుతూ, గుండ్రంగా తిరుగుతూ సముద్రంలో పడి చచ్చిపోయేవి. జాలర్లు దాన్ని పిల్లుల నాట్య రోగం అన్నారు. 1956 ఏప్రిల్‌లో నడవలేక, మాట్లాడలేక ఒక చిన్నపిల్ల కంపెనీ ఆసుపత్రికి వచ్చింది. మే 1న ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు హొసొకవ హజిమె, అంతుచిక్కని నరాల జబ్బు వచ్చిందని ఊరి ఆరోగ్య కేంద్రానికి తెలియజేశాడు.

ఆ తర్వాతి సంవత్సరం జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1957లో ఊరి ఆరోగ్య కేంద్రం డాక్టరు అఖాతం చేపలు పిల్లులకు పెట్టి చూశాడు. వాటికి అదే జబ్బు వచ్చింది. ఇక చేపలు పట్టడం ఆపించడానికి చట్టం ఉంది, వాడమంటారా అని జిల్లా అధికారులు టోక్యోను అడిగారు. అఖాతంలోని చేపలన్నీ విషపూరితమని స్పష్టమైన ఆధారం లేదు కాబట్టి వాడడానికి వీల్లేదని జవాబొచ్చింది. పెళ్ళి భోజనం తిని పాతికమంది పడిపోతే మనం ముందు గుండిగలు బోర్లిస్తాం. ఏ కూరలో ఏముందో పరీక్షలు తర్వాత. ఇక్కడ మాత్రం విషం పేరు తెలిసేదాకా వడ్డన సాగింది.

పేరు కనుక్కోవడానికి కుమమోతో విశ్వవిద్యాలయం వైద్యులు మూడేళ్ళు తంటాలు పడ్డారు. మాంగనీస్ అనుకున్నారు, సెలీనియం అనుకున్నారు, థాలియం అనుకున్నారు. ఇంగ్లండులో విత్తనాలకు పట్టించే పాదరసం మందు తయారుచేసే చోట కూలీలకొచ్చిన జబ్బు గురించి 1940లో వచ్చిన వ్యాసం ఒకటి వాళ్ళ కంటబడింది. లక్షణాలన్నీ సరిపోయాయి. 1959 జూలైలో సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు.

వైద్యం వరకూ కథ అక్కడితో అయిపోవాలి. కానీ పరిశోధకులంటే సత్యం వైపు నడిచేవాళ్ళే అనుకోవడం మన అమాయకత్వం. యుద్ధకాలంలో సముద్రంలో పారేసిన బాంబుల వల్ల అని పరిశ్రమల సంఘం పెద్ద ఒకాయన అన్నాడు. టోక్యో ప్రొఫెసరు ఒకాయన కుళ్ళిన చేపల్లోని అమీన్ల వల్ల అన్నాడు. అవీ పరిశోధనల పేరుతోనే పత్రికలకెక్కాయి. ఇన్ని సిద్ధాంతాలున్నప్పుడు ఏది నమ్మాలి అని ప్రభుత్వం చేతులు కట్టుకుంది. అదే ఏడు అక్టోబరులో హొసొకవ డాక్టరు ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి పెట్టిన 400వ నంబరు పిల్లికి జబ్బు వచ్చింది. కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. డిసెంబరులో బాధితుల చేత ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది: చనిపోయినవారికి 3 లక్షల యెన్లు, రేపు తప్పు ఫ్యాక్టరీదని తేలినా ఇంకేమీ అడగకూడదు. ఆ పిల్లి సంగతి కంపెనీకి తెలిసిన తర్వాతే ఈ షరతు రాశారని గుర్తుంచుకోండి. హొసొకవ 1970లో, మరణానికి కొద్ది నెలల ముందు, ఆసుపత్రి మంచం మీద నుంచి కోర్టుకు ఆ పిల్లి కథ చెప్పాడు.

ఇక పెట్టెల సంగతి. హరదా మసజుమి అనే కుర్ర డాక్టరు ఊళ్ళు తిరుగుతూ ఒక ఇంటి అరుగు మీద ఆడుకుంటున్న అన్నదమ్ములను చూశాడు. ఇద్దరికీ ఒకే తీరు జబ్బు. ఇద్దరిదీ మినమాతా జబ్బేనా అని తల్లిని అడిగాడు. పెద్దవాడిది అదే, చిన్నవాడిది వేరే అని డాక్టర్లు చెప్పారంది. ఎందుకంటే చిన్నవాడు పుట్టి చేప ముట్టలేదు. "నేను తిన్న చేపల విషం కడుపులో వీడికి చేరింది" అన్నది ఆమె నమ్మకం. మాయ విషాన్ని లోపలికి రానివ్వదని అప్పటి వైద్యగ్రంథాలన్నీ చెప్పేవి. తల్లులు చెప్పిందే నిజమని శవపరీక్షలు తేల్చాక, 1962లో 16 మంది పిల్లలకు పుట్టుకతోనే మినమాతా జబ్బు ఉందని ఒప్పుకున్నారు. తర్వాత హరదా ఇంటింటికీ వెళ్ళి బీరువాల్లోని బొడ్డు పెట్టెలు అడిగి తెచ్చాడు. ఎండిన బొడ్డులో మిథైల్ మెర్క్యురీ అలాగే ఉంది. మూత మీద పుట్టిన తేదీ ఉండనే ఉంది. తేదీల వరసలో పేర్చితే, ఫ్యాక్టరీ ఉత్పత్తి పెరిగిన ఏళ్ళలో విషమూ పెరిగింది. 1975లో అది 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఏ ప్రయోగశాలా ముందుచూపుతో దాచలేని నమూనాలను తల్లులు ప్రేమకొద్దీ దాచారు.

1965లో నీగతాలో అగానో నది వెంట ఇదే జబ్బు, ఇంకో కంపెనీ వల్ల, మళ్ళీ బయటపడింది. 1968 మేలో చిస్సో ఆ తయారీ పద్ధతి మానేసింది. సెప్టెంబరులో ప్రభుత్వం కారణం ఫ్యాక్టరీయేనని ప్రకటించింది. ఆ వరస చూడండి.

వైద్యులు తేల్చిన మాట లోకం చెవికెక్కడానికి వైద్యులు కానివాళ్ళు కావలసి వచ్చారు. ఉయి జున్ ఇంజినీరు. ఇంకో కంపెనీ ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో తానూ పాదరసం పారబోశానని చెప్పుకున్న మనిషి. 1970 నుంచి 15 ఏళ్ళు టోక్యో విశ్వవిద్యాలయంలో రాత్రిపూట, ఎవరైనా వచ్చి కూర్చోగల కాలుష్య పాఠాలు నడిపాడు. అక్కడ ఉన్న 21 ఏళ్ళూ ఆయన చిన్న ఉద్యోగిగానే మిగిలిపోయాడు. ఇషిమురే మిచికో అనే గృహిణి బాధితుల గొంతుతో పుస్తకం రాసింది. 1976లో చరిత్రకారుడు ఇరొకవ దైకిచి, సమాజ శాస్త్రవేత్త త్సురుమి కజుకో వంటివాళ్ళు బృందంగా వచ్చి, ఊరు ఎలా చీలిందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో రాసుకున్నారు. జాలరి ఇంటి మనిషిని ఫ్యాక్టరీ ఉద్యోగి ఎందుకు వెలివేశాడో ఏ రక్తపరీక్షా చెప్పలేదు కదా. 2002లో హరదా ఇవన్నీ కలిపి కుమమోతో గకుయెన్ విశ్వవిద్యాలయంలో 'మినమాతా శాస్త్రం' అని ఒక పాఠ్యాంశమే మొదలుపెట్టాడు.

అఖాతంలోని బురదను తవ్వి 1990కల్లా 58 హెక్టార్ల నేల చేశారు. 4,850 కోట్ల యెన్లు ఖర్చయింది. ఇప్పుడు దాని మీద గులాబీ తోట ఉంది. కింద పాదరసం, డ్రమ్ముల్లో కుక్కిన చేపలు. ఒడ్డున బాధితులూ వాళ్ళ స్నేహితులూ చెక్కిన చిన్న రాతి బొమ్మలు సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంటాయి. ఒకదాని ఒళ్ళో ఎవరో నారింజపండు పెట్టి వెళ్ళారు.

మాది సోంపేట వైపు ఊళ్ళుండే ఉద్దానం ప్రాంతం. మా పెదనాన్న డయాలసిస్ మీద నాలుగేళ్ళు బతికాడు. ఆ ఊళ్ళల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఒక్క కారణం తేలలేదు. ఏళ్ళ తరబడి ఎవరెవరో వచ్చి రక్తం, నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళారు. "ఈసారి ఏం పట్టుకెళ్తారు?" అనేవాడు పెదనాన్న, చొక్కా చెయ్యి మడుస్తూ. మినమాతాలో దోషి స్టేషన్ ఎదురుగానే ఉన్నాడు. మాకు ఆ గేటు కూడా లేదు. రెండింటినీ ఒక గాటన కట్టను.

కానీ మొన్న పెద్దమ్మకు ఫోన్ చేసి, పెదనాన్న చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగాడో వరసగా చెప్పమన్నాను. మొదట జీడితోట బావి, తర్వాత గుడి దగ్గర బావి, ఆ తర్వాత బోరు అంది. బోరు ఎప్పుడు వేశారంటే తడుముకుంది. పెద్దక్క పెళ్ళికి ముందే అని ఆమె, కాదు తర్వాతే అని వెనక నుంచి అన్నయ్య. ఇద్దరూ వాదించుకుంటుంటే నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను.