పోటు, బాన్, ఉప్పెన

గౌతమీ తీరమున యానాములో నివసించు మాకు ఆటుపోటులు నిత్యానుభవము. పోటు వేళ సముద్రజలము మొగ నుండి మెల్లగా ఎగబ్రాకును. ఆటు వేళ దిగిపోవును. పడవవారు తమ ప్రయాణమును దాని ననుసరించియే సాగింతురు.

కొన్ని నదులలో నీ పోటు ఇంత సాధువు కాదు. నీరు గోడవలె నిలిచి, ఘోషించుచు నదికి ఎదురెక్కును. నర్మదా ముఖమున భరుకచ్ఛమునొద్ద నావికులు దీనికి వెరచిన తీరును క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి పెరిప్లస్ అను గ్రీకు గ్రంథము వర్ణించినది. హుగ్లీ నదిపై వంగీయులు దీనిని 'బాన్' అందురు. మిక్కిలి ఉద్ధృతమైన దానికి ఆబోతుల పోరును స్ఫురింపజేయు 'షాడాషాడి బాన్' అని పేరిడిరి. చీనాలోని చియాన్‌తాంగ్ నదిపై దీనిని జూచుటకు ఎనిమిదవ చాంద్రమాసమున జనులు గుమిగూడుదురు.

మన భాషలో దీనికి ప్రత్యేకమైన పేరు ప్రసిద్ధముగా లేదు. కారణము స్పష్టమే. పోటు పలు మీటర్లు పొంగవలెను. నదీముఖము గరాటువలె సన్నగిల్లుచు, లోతు తగ్గుచు పోవలెను. కాకినాడ తీరమున పెద్ద పోటునాడును నీరు సుమారు 1.5 మీటర్లకు మించి లేవదు. లేని వస్తువునకు పేరేల?

కాని మాకొక భయంకరమైన మాట కలదు. అది ఉప్పెన. చంద్రునితో దీనికి పుట్టుక లేదు. తుపానుగాలి సముద్రమును నేలపైకి నెట్టగా నిది కలుగును. మాకు చేరువనున్న కోరంగిని 1789లోను, మరల 1839లోను ఇది ధ్వంసము చేసెను. 1864లో బందరును, 1977లో దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయెను. 2004 డిసెంబరు 26న భూకంపము వలన పుట్టిన తరంగము వచ్చినప్పుడు 'సునామీ' అను జపాను మాట మన యింటింటి మాట అయ్యెను.

నేడు పలువురు వీనినన్నిటిని ఒక్కటిగా జేసి పలుకుచున్నారు. ఇది పండితుల పట్టింపు మాత్రమే కాదు. బాన్ వచ్చునప్పుడు హుగ్లీ పడవవాడు ఒడ్డు విడిచి నడినదిలోని లోతునకు బోవును. ఏలయన అల విరుగునది ఒడ్డుననే. ఉప్పెన సూచన విన్నవాడు తీరము విడిచి ముందుగనే మెట్టకు జేరవలెను. సునామీకి అంత వ్యవధియు నుండదు. భూమి కంపించినను, సముద్రము హఠాత్తుగా వెనుకకు దీసినను, అదియే హెచ్చరిక.

ఒక్కొక్క పేరులో పూర్వులు ప్రాణములిచ్చి నేర్చిన ఒక్కొక్క ఉపాయము దాగియున్నది. పిల్లలకు మాటలు నేర్పునప్పుడు ఆ ఉపాయములను గూడ నేర్పుదము.